రైలుకట్ట పక్క మొక్కల మాస్టారు: కార్ల్ బ్లోస్‌ఫెల్ట్

ఈసారి సావనీర్‌కి పిల్లల కోసం ఒక గొప్పవాళ్ళ జీవితం రాయమని మన బడి ఎడిటర్లు అడిగారు. గాంధీగారు, రామానుజన్, అబ్దుల్ కలాంగారు పాత సంచికల్లో వచ్చేశారు కదా, ఈ ఏడు కొంచెం పక్కదారి పడదామనిపించింది. ఫొటోలు తీసేవాళ్ళలో ఈయన పేరు తెలియనివాళ్ళు తక్కువ. మన ఇళ్ళలో మాత్రం తెలిసినవాళ్ళు తక్కువ. పైగా ఈయన ఒక బడి పంతులు. ఫొటోగ్రాఫర్‌ అని పేరు తెచ్చుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. పిల్లలకి పాఠం చెప్పడానికి బొమ్మలు కావాలని, సుమారు ముప్ఫై ఏళ్ళ పాటు పువ్వుల్నీ మొగ్గల్నీ కాయల్నీ దగ్గరనించి ఫొటోలు తీస్తూ కూర్చున్నారు. అంతే ఆయన చేసింది.

కార్ల్ బ్లోస్‌ఫెల్ట్ 1865 జూన్ 13న హార్ట్స్ కొండల్లో షీలో అనే చిన్న పల్లెలో పుట్టారు. ఇప్పుడది జర్మనీలో ఉంది కానీ, ఆయన పుట్టేనాటికి జర్మనీ ఇంకా ఒక దేశంగా ఏర్పడలేదు. అది 1871లో జరిగింది. చుట్టూ అడవి, గడ్డి మైదానాలు. పదహారేళ్ళ వయసులో, అంటే 1881లో, దగ్గర్లోని మేగ్డెష్‌ప్రుంగ్ అనే ఊళ్ళో ఇనుము పోతపోసే కార్ఖానాలో పని నేర్చుకోవడానికి చేరారు. తలుపులకీ, గేట్లకీ, మెట్ల పక్క కటకటాలకీ పెట్టే ఆకులూ తీగలూ పువ్వులూ ఇనుములో పోసేవాళ్ళు అక్కడ.

ఇక్కడ ఇంజనీరింగ్ చదివిన నాన్నలకీ అమ్మలకీ ఒక సంగతి గుర్తు చేయాలి. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో మౌల్డింగ్ షాప్ ఉండేది కదా! చెక్క ప్యాటర్న్‌ని తడి ఇసుకలో పెట్టి, చుట్టూ కూరి, మెల్లగా పైకి తీస్తే ఇసుకలో దాని అచ్చు మిగలాలి. ప్యాటర్న్ తయారుచేసినవాడు వంపులు సరిగ్గా పెట్టకపోతే తీసేటప్పుడు ఇసుక విరిగిపడుతుంది, మళ్ళీ మొదటినించీ. అంటే పోత పనిలో ఉన్నవాడికి ఆకు అందం ఒక్కటే తెలిస్తే చాలదు. ఆకు కాడని ఎక్కడ అంటుకుంది, ఎక్కడ మందం, ఎక్కడ పలచన, వంపు ఎటు తిరిగింది, అన్నీ వేళ్ళకి తెలియాలి. కుర్ర కార్ల్ ముందు నేర్చుకున్నది ఇదీ. కెమెరా సంగతి చాలా తర్వాత.

అక్కడనించి బెర్లిన్ వెళ్ళి, అలంకార కళల మ్యూజియం నడిపే బడిలో చదువుకున్నారు. ఆ రోజుల్లో అలాంటి బడులు యూరప్ అంతటా కొత్తగా వచ్చాయి. ఫ్యాక్టరీలు వచ్చి కుర్చీలూ పింగాణీలూ గుడ్డలూ వేలకొద్దీ తయారుచేస్తున్నాయి కానీ, వాటిమీద డిజైన్లు మాత్రం పాత రోమన్ డిజైన్లకి కాపీలు, ఆ కాపీలకి మళ్ళీ కాపీలు. విద్యార్థులు కూడా ప్లాస్టర్ అచ్చులు ముందు పెట్టుకుని అవే గీసేవాళ్ళు. మోరిట్స్ మౌరర్ అనే ప్రొఫెసరుగారికి ఇది నచ్చలేదు. పాత శిల్పి ఆకుని చూసి చెక్కాడు, మనం ఆ చెక్కినదాన్ని చూసి గీస్తున్నాం, మనం కూడా ఆకునే ఎందుకు చూడకూడదు అన్నది ఆయన వాదన. ప్రభుత్వ సాయంతో రోమ్‌లో ఒక చిన్న బృందాన్ని పెట్టుకుని, మొక్కల నమూనాలు తయారుచేయించారు. 1890ల మొదట్లో బ్లోస్‌ఫెల్ట్ ఆ బృందంలో చేరారు. ఇటలీ, గ్రీసు, ఉత్తర ఆఫ్రికా తిరిగి మొక్కలు సేకరించడం, వాటిని ఎండబెట్టడం, ప్లాస్టర్‌లోనూ కంచులోనూ పెద్దవిగా నమూనాలు చేయడం... మొక్కల ఫొటోలు తీయడం మొదలుపెట్టింది కూడా అక్కడే.

మన లేపాక్షి గుళ్ళో లతామంటపం స్తంభాల మీద డిజైన్లు చూసినవాళ్ళకీ, కాళహస్తి కలంకారీ అంచుల్లో తీగలు చూసినవాళ్ళకీ మౌరర్‌గారి మాట వేరే చెప్పక్కర్లేదు. ఆ చేతులు మొక్కల్ని చూసిన చేతులే.

1890ల చివర్లో బ్లోస్‌ఫెల్ట్ బెర్లిన్‌కి తిరిగొచ్చి, తను చదివిన బడిలోనే పంతులయ్యారు. ఆయన చెప్పిన సబ్జెక్టు పేరు, బ్రతికున్న మొక్కని చూసి మట్టితో రూపం చేయడం. 1930లో రిటైరయ్యే దాకా సుమారు 31 ఏళ్ళు అదే బడి, అదే పాఠం. మధ్యలో ఒక మహాయుద్ధం వచ్చి పోయింది, రాజరికం పోయి రిపబ్లిక్ వచ్చింది, బడికే వేరే బడితో కలిపి పేరు మార్చారు. ఈయన పాఠం మాత్రం మారలేదు.

ఆ పాఠానికి పెద్ద ఇబ్బంది ఏమిటంటే, మొక్క వాడిపోతుంది. పొద్దున కోసుకొచ్చిన కొమ్మ మధ్యాహ్నానికి తల వాల్చేస్తుంది. బెర్లిన్‌లో చలికాలం వస్తే నెలల తరబడి అసలు మొక్కే దొరకదు. ఎండబెట్టి అట్టకి అంటిస్తే ఏమవుతుందో బైపీసీ చదివి హెర్బేరియం షీట్లు చేసినవాళ్ళకి తెలుసు, అప్పడంలా చదునైపోతుంది. పైగా ఆయన చూపించాలనుకున్న వంపులు చాలా చిన్నవి. గోరంత మొగ్గని క్లాసులో అందరికీ ఒకేసారి ఎలా చూపిస్తారు? అందుకని ఫొటో తీసి, పెద్దది చేసి, గోడ మీద వేసి చూపించేవారు. శనివారం క్లాసుకోసం శుక్రవారం రాత్రి కూర్చుని ఫ్లాష్‌కార్డులు కత్తిరించే మన టీచర్లకి ఈ కష్టం కొత్తకాదు. అప్పట్లో అలాంటి ఫొటోలు తీసే కెమెరా బజార్లో సులువుగా దొరికేది కాదు కాబట్టి, ఆ కెమెరా కూడా ఆయనే తయారుచేసుకున్నారు.

ఇప్పుడు పిల్లలకి కొంచెం లెక్క చెప్తాను, విసుక్కోకండి. మామూలు ఫొటోలో మనిషి పెద్ద, ఫొటోలో పడే బొమ్మ చిన్న. దగ్గర ఫొటోలో దానికి తలకిందులు, మొగ్గ చిన్న, లోపల పడే బొమ్మ పెద్ద. దానికి లెన్సుని వెనక పలకనించి దూరంగా జరపాలి. అందుకే పాత కెమెరాలకి కొలిమి తిత్తిలాంటి మడతల గొట్టం ఉండేది. 10 సెంటీమీటర్ల ఫోకల్ లెంగ్తు ఉన్న లెన్సుతో వస్తువుని పది రెట్లు పెద్దగా పడేలా చేయాలంటే, లెన్సుకీ పలకకీ మధ్య 110 సెంటీమీటర్లు ఉండాలి, అంటే మూడున్నర అడుగులు! అంతదూరం వెళ్ళేసరికి వెలుతురు పలచబడిపోతుంది. ఎంతగా అంటే, దూరంనించి తీసే ఫొటోతో పోలిస్తే 121వ వంతు. 11 ఇంటూ 11 చేసి చూసుకోండి. ఇంకో చిక్కు, అంత దగ్గరకి వెళ్తే స్పష్టంగా కనిపించే లోతు మిల్లీమీటరు కూడా ఉండదు. ముందు రేకు స్పష్టంగా ఉంటే వెనక రేకు అలుక్కుపోతుంది. లోతు పెంచాలంటే లెన్సు కన్నం చిన్నది చేయాలి, అప్పుడు ఉన్న కాస్త వెలుతురూ తగ్గిపోతుంది. చివరికి ఏమైందంటే, ఆనాటి గాజు పలకలతో ఒక్కో ఫొటోకి నిమిషాల తరబడి కెమెరా తెరిచి ఉంచాల్సి వచ్చేది. అంతసేపూ ఎవరూ తలుపు తీయకూడదు, నేల అదరకూడదు, గాలి వీచకూడదు.

అందుకే, పువ్వులు ఇన్ని తీసిన ఆయన బొమ్మల్లో తేనెటీగ గానీ చీమ గానీ వెతికినా దొరకవు. చీమని అన్ని నిమిషాలు కదలకుండా నిలబడమంటే నిలబడుతుందా? ఇప్పుడు పురుగుల ఫొటోలు తీసేవాళ్ళు ఒక ఉపాయం చేస్తారు. తెల్లవారుజామున, చలికి తూనీగలూ సీతాకోకచిలుకలూ కదలలేక గడ్డిపరక మీద మంచు బిందువులతో కూర్చుని ఉన్నప్పుడు వెళ్తారు. బ్లోస్‌ఫెల్ట్ కాలంలోనే ఇంగ్లండులో పెర్సీ స్మిత్ అనే ఆయన, విద్యాశాఖలో గుమాస్తాగా పనిచేస్తూ, 1908లో ఒక ఈగతో ఫీట్లు చేయించి సినిమా తీశాడు. 1910లో మొగ్గ విచ్చుకుని పువ్వవడం గబగబా కనిపించేలా ఇంకో సినిమా తీశాడు. చిత్రంగా, ఇద్దరూ చదువుల శాఖవాళ్ళే. స్మిత్‌గారికి కదలిక కావాలి, మన మాస్టారికి కదలకపోవడం కావాలి.

మొక్కలు ఎక్కడనించి తెచ్చేవారంటే, పూలకొట్టునించి కాదు. గులాబీలూ లిల్లీలూ ఆయనకి పెద్దగా పట్టలేదు. దారి పక్కన, రైలుకట్టల మీద, ఎవరూ నీళ్ళు పోయని చోట మొలిచే కలుపు మొక్కలు ఏరుకొచ్చేవారు. మన ఇంటిముందు లాన్‌లో డాండిలయన్ మొలిస్తే మందు కొట్టించే మనకి ఇది కొంచెం వింతగానే ఉంటుంది! తెచ్చిన మొక్కని తెల్లటి, బూడిదరంగు, లేకపోతే నల్లటి అట్ట ముందు నిలబెట్టేవారు. వెనక ఆకాశం లేదు, తోట లేదు, కుండీ లేదు. పక్కనించి మెత్తటి వెలుతురు. గాజు పలకల్లో పెద్దవి 13 సెంటీమీటర్లు బై 18 సెంటీమీటర్లు. ఆ పలక మీద పడిన బొమ్మని ప్రింటు చేసేటప్పుడు ఇంకా పెంచితే, కొన్ని 30 రెట్లదాకా వెళ్ళేవి.

అలా పెంచి చూస్తే ఏం కనిపించేది? వాగుల పక్క పెరిగే హార్స్‌టెయిల్ అనే కణుపుల మొక్క (అమెరికాలో కూడా ఉంది, సన్న వెదురులా ఉంటుంది) కొన దగ్గర చూస్తే గుడి గోపురం కలశంలా ఉంటుంది. ముడుచుకున్న మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ చిగురు వీణ చివర వంపులా తిరిగి ఉంటుంది. గసగసాల కాయ పైన అంచులు తీర్చిన మూత. గుమ్మడి నులితీగ అయితే, పెరట్లో గుమ్మడి పాదు వేసిన ప్రతి ఇంట్లోనూ చూసేదే, ఆయన ఫొటోలో అది కంసాలి వంచిన ఇనప తీగలా కనిపిస్తుంది. పోత కార్ఖానాలో మూడు నాలుగేళ్ళు పనిచేసిన కుర్రాడు ఆ ఫొటోలో ఉన్నాడని నాకనిపిస్తుంది. ఆయన పువ్వుని పువ్వులా కాక ఒక కట్టడంలా చూశారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు తీశారని చాలామంది ఆయన్ని పొగుడుతారు. నిజానికి ఆయన చేతిలో కత్తెర కూడా ఉండేది. అడ్డమొచ్చిన ఆకులు తీసేసేవారు, రేకులు పీకేసి లోపలి భాగం చూపించేవారు, నెగెటివ్‌ల మీద కూడా దిద్దుబాట్లు చేసేవారు. కొంతమందికి ఇది మోసంలా అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. అక్షరం నేర్పే టీచరు గుణింతం చెప్పేటప్పుడు ఒత్తులు పక్కన పెట్టినట్టే ఇది కూడా. ఆయన చేస్తున్నది అడవి ఫొటో కాదు, పాఠం. కానీ ఫొటో ఎప్పుడూ నిజమే చెప్తుందనుకునే పిల్లలు ఈ సంగతి తెలుసుకుని చూడాలి.

ఇలా సుమారు 6,000 ఫొటోలు తీశారు. అవి బడి దాటి పెద్దగా బయటికి రాలేదు. ఇంతలో లోకం మారిపోయింది. కొత్త తరం వాస్తుశిల్పులు గోడల మీద ఆకులూ తీగలూ ఏమిటి, తీసి అవతల పారేయండి అన్నారు. 1919లో మొదలైన బౌహౌస్ అనే బడి దగ్గరనించి మన ఐకియా సామాన్ల దాకా కనిపించే నున్నటి గీతలు ఆ ఆలోచన నించి వచ్చినవే. బ్లోస్‌ఫెల్ట్ జీవితమంతా చెప్పిన పాఠం ఏమిటి? మొక్కని చూసి అలంకారం నేర్చుకోమని. అలంకారమే వద్దనే రోజులొచ్చాక ఆ పాఠం ఎవరికి కావాలి? మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, పాతికేళ్ళుగా నేర్పుతున్న టెక్నాలజీకి సపోర్టు ఆగిపోయింది. అప్పటికాయన అరవైకి దగ్గరపడ్డారు.

సరిగ్గా అప్పుడే కార్ల్ నీరెన్‌డోర్ఫ్ అనే బెర్లిన్ గ్యాలరీ యజమాని కంటపడ్డాయి ఈ ఫొటోలు. అంతకుముందు బ్యాంకులో పనిచేసిన ఆయన కొత్త చిత్రకారుల్ని ప్రోత్సహించేవారు. క్లాసులో వాడే బొమ్మల్ని 1926లో తన గ్యాలరీలో ప్రదర్శనకి పెట్టారు. మాస్టారి వయసు అప్పటికి 61. రెండేళ్ళకి, 1928లో, 120 ఫొటోలతో పుస్తకం వచ్చింది. జర్మన్‌లో దాని పేరు ఊర్‌ఫోర్మెన్ డెర్ కున్‌స్ట్, అంటే కళకి ఆదిరూపాలు. మరుసటి ఏడాదికల్లా ఇంగ్లీషులో, ఫ్రెంచిలో కూడా వచ్చేసింది. ఫొటోగ్రఫీ చరిత్రలో ముఖ్యమైన పుస్తకాల్లో ఒకటిగా ఇప్పటికీ దాన్ని లెక్కపెడతారు.

ఇంతకీ మెచ్చుకున్నది ఎవరనుకున్నారు? అలంకారం వద్దన్న ఆ కొత్తవాళ్ళే! 1929లో డెసావ్‌లోని బౌహౌస్ బడిలోనే ఆయన ఫొటోల ప్రదర్శన పెట్టారు. అదే ఏడాది స్టుట్‌గార్ట్‌లో కొత్త ఫొటోలకీ సినిమాలకీ జరిగిన పెద్ద ప్రదర్శనలో కూడా అవి ఉన్నాయి. ఇదే కొత్త చూపు, వస్తువుని సొంత కవిత్వం కలపకుండా చూసే చూపు అని పత్రికలు రాశాయి. వాళ్ళు కొత్తవి అనుకున్న బొమ్మల్లో కొన్ని అప్పటికి పాతికేళ్ళకి పైబడ్డవి. వాల్టర్ బెన్యమిన్ అనే గొప్ప విమర్శకుడు 1928లో ఆ పుస్తకం మీద సమీక్ష రాశారు. 1931లో ఫొటోగ్రఫీ చరిత్ర మీద వ్యాసం రాసినప్పుడు కూడా బ్లోస్‌ఫెల్ట్‌ని తలుచుకుని, ఆ మొక్కల్లో పురాతన స్తంభాలూ చర్చి శిల్పాలూ కనిపిస్తున్నాయన్నారు. ప్యారిస్‌లో జార్జ్ బతాయ్ అనే రచయిత అవే ఫొటోలు తన పత్రికలో వేసి, పువ్వు అందం వెనక ఎంత వికారం ఉందో చూడమన్నారు. ఒకే నులితీగలో ఒకరికి గుడి కనిపించింది, ఇంకొకరికి దెయ్యం.

మాస్టారు మాత్రం ఏ పక్కకీ పోలేదు. 1932లో ఇంకో 120 ఫొటోలతో రెండో పుస్తకం వచ్చినప్పుడు కూడా, మొక్కని ఒక కళాకట్టడంగా చూడాలి, చేతిపని చేసేవాళ్ళకి అదే గురువు అనే తన పాత మాటే ముందుమాటలో రాశారు. క్లాసులో ముప్ఫై ఏళ్ళు చెప్పిందే. ఆ సంవత్సరమే డిసెంబర్ 9న బెర్లిన్‌లో కన్నుమూశారు. 67 ఏళ్ళు. పేరు వచ్చాక ఆయన బతికింది ఆరేళ్ళు. నీరెన్‌డోర్ఫ్ తర్వాత 1936లో న్యూయార్క్ వచ్చేసి అక్కడే గ్యాలరీ పెట్టుకుని, 1947లో పోయారు.

ఆ రెండు పుస్తకాల్లో కలిపి 240 ఫొటోలే ఉన్నాయి. మిగతా వేలల్లో చాలావాటిని లోకం చాలాకాలం చూడలేదు. 1970లలో, ఆయన చిన్న చిన్న ప్రింట్లని అట్టల మీద వరుసగా అంటించుకున్న పాత షీట్లు బయటపడ్డాయి. గుమ్మడి పక్కన గుమ్మడి, కాడల పక్కన కాడలు. మన టీచర్ల ఛార్టుల్లాగే ఉంటాయి అవి. 2000లో వాటిని కూడా పుస్తకంగా వేశారు. ఆయన పనిచేసిన బడి ఇప్పుడు బెర్లిన్ కళల విశ్వవిద్యాలయంలో భాగం. ఆయన ఫొటోల సంగ్రహం అక్కడ ఉంది.

ఆయన మొదటి పుస్తకం మన పబ్లిక్ లైబ్రరీల్లో అడిగితే తెప్పించి ఇస్తారు. తిరగేయడానికి జర్మన్ రానక్కర్లేదు. బొమ్మ కింద రాసి ఉండేవి మొక్క పేరు, ఏ భాగం, ఎన్ని రెట్లు పెంచారు, అంతే. అందులో అబ్యుటిలాన్ అనే మొక్క కాయలు ఆరు రెట్లు పెంచి తీసిన బొమ్మ ఉంటుంది, చక్రంలా, అంచున పళ్ళతో. అదే జాతి మొక్క మన ఊళ్ళలో చేలగట్ల మీద, రోడ్ల పక్కన బోలెడు ఉంటుంది. దాని కాయకి రంగు పూసి కాగితం మీద ముద్ర వేసుకుని ఆడుకున్నవాళ్ళు మన తల్లిదండ్రుల్లో చాలామందే ఉంటారు. పిల్లలూ, ఈసారి అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసినప్పుడు ఆ బొమ్మ చూపించి, వాళ్ళ ఊళ్ళో దాన్ని తుత్తురు బెండ అంటారో, ముద్ర బెండ అంటారో, ఇంకేమైనా అంటారో అడిగి వచ్చే శనివారం క్లాసులో చెప్పండి. జిల్లాకో పేరు వస్తుందని నా పందెం.